ఓడలు గీకిన మామయ్య, ఆయన పగడాల తొట్టి

మా మామయ్య ఓడలు గీకేవాడు. వినడానికి వెటకారంలా ఉంటుంది గానీ నిజంగా అదే ఆయన ఉద్యోగం. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఓడ అడుగున నాచూ, గుల్లలూ, రాయిలా గట్టిపడే పురుగుల గూళ్ళూ పేరుకుపోతాయి. అవి ఎక్కువైతే ఓడ నడక మందగిస్తుంది. అందుకని రేవులో ఆగిన ఓడ కిందికి గాలి గొట్టం నోట్లో పెట్టుకుని దిగి, ఇనప బద్దతో వాటన్నిటినీ ఒలిచెయ్యాలి. రేవు నీళ్ళలో చెయ్యి చాపితే ఆ చెయ్యే కనపడదట. గీకిన చోటల్లా అరచేత్తో తడిమి చూసుకోవాలి, ఎక్కడ గరుకు తగిలినా పని కానట్టే. ముప్పై ఏళ్ళ ఆ అలవాటు ఆయన్ని ఇంట్లోనూ వదల్లేదు. భోజనాల బల్ల మీద ఎండిన మరక తగిలితే చాలు, దాన్ని గోటితో గీకి పారేస్తే గానీ కంచం ముట్టేవాడు కాదు.

అత్తయ్యకి సముద్రమంటే హడలు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా రేవు వైపు వెళ్ళలేదు. ఎప్పుడైనా సెలవు దొరికితే మామయ్య పడవలో దూరంగా తేటనీళ్ళ దగ్గరికి వెళ్ళి పగడాలు చూసొచ్చేవాడు. వచ్చాక రెండు రోజులు వాటి కబుర్లే. నీకోసారి చూపించాలే అని ఆయనా, మీరు ప్రాణాలతో గుమ్మంలోకి వస్తే అదే చాలు అని ఆవిడా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వాళ్ళ కాపురంలో ఈ సంభాషణ మారలేదు.

చెవి లోపలి పొర రెండుసార్లు చిరిగాక, ఇక నీళ్ళలో తల ముంచొద్దని మామయ్యని ఇంటికి పంపేశారు. ఆ మరుసటి ఏడాది అత్తయ్య కళ్ళ సంగతి బయటపడింది. నీటికాసుల జబ్బు. చడీచప్పుడూ లేకుండా పక్కచూపంతా తినేసింది, మిగిలింది ఎదుటి చూపే. చుక్కల మందుతో ఈ ఏడాది గడిస్తే మీ అదృష్టం అన్నాడట డాక్టరు. తిరుగు బస్సు దిగేముందు అత్తయ్య, “చూపిస్తానూ చూపిస్తానూ అనేవారుగా, ఇప్పుడు చూపించండి,” అందట.

చూపించడం ఎలా? ఆయన సముద్రంలోకి దిగకూడదు, ఆవిడ దిగలేదు. వారం తిరక్కుండా హాలుకీ భోజనాల గదికీ మధ్య నాలుగడుగుల గాజు తొట్టి వచ్చి కూర్చుంది.

నేనప్పుడు వాళ్ళ పక్క వాటాలో ఉండేదాన్ని, బడిలో సైన్సు చెప్పేదాన్ని. అందువల్ల నాకు తెలీకుండానే ఆ తొట్టికి సగం యజమానినయ్యాను. అది నిండితే నాలుగు వందల కిలోలు, ఏమాత్రం ఒరిగినా గాజు పగులుతుంది. రసమట్టం పెట్టి, కాళ్ళ కింద పలచటి చెక్కలు దూర్చి, మళ్ళీ తీసి, మళ్ళీ దూర్చి, ఆ ఒక్క పనికే మామయ్య మూడు రోజులు పట్టాడు. నీళ్ళు రేవునుంచి తెస్తానన్నాడు. అందులో సగం డీజిలేనని పెంపుడు చేపలమ్మే కొట్టావిడ ఆయన గాలి తీసేసింది. వడకట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కొలిచి కలపడం, ఉప్పు సరిపోయిందో లేదో దుర్భిణిలాంటి కొలత గొట్టంలో చూడడం ఆవిడే నేర్పింది. మామయ్య మాత్రం గొట్టం పక్కన పెట్టి, వేలు ముంచి నాలుక మీద వేసుకుని, ఇంకో గుప్పెడు పడాలి అనేవాడు. నేను గొట్టంలో చూస్తే సరిగ్గా గుప్పెడే తక్కువుండేది. ఆ రోజుల్లో వాళ్ళ ఇల్లంతా తడి ఉప్పు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

ఆ తరవాత రాళ్ళు. అవి ఉత్త రాళ్ళు కావు. వాటి సందుల్లో కంటికి కనపడని జీవాలు కాపురముంటాయి, చేపల మలినాన్ని అవే తినిపెడతాయి. అవి చాలినన్ని పెరిగేదాకా తొట్టిలో ఏ ప్రాణినీ వదలకూడదు, వదిలితే విషం పుట్టి చస్తుంది. కనీసం ఐదారు వారాలు. రోజూ సాయంత్రం నేను వెళ్ళి చిన్న సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి చెప్పాలి. ఆకుపచ్చ అయితే విషం ఉన్నట్టు, పసుపు అయితే పోయినట్టు. రోజూ ఆకుపచ్చే. మామయ్య నా వెనక నిలబడి, “కాస్త పసుపుగా లేదుటే?” అనేవాడు. లేదు మామయ్యా అంటే నామీదే కోపం.

నాలుగో వారానికి రంగు తేలికపడింది. అంతలో గాజు మీదా రాళ్ళ మీదా గోధుమరంగు జిగురు పాకింది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ మంచి లక్షణమే, దానంతటది పోతుంది, ముట్టుకోకండి అని కొట్టావిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అదే వారం అత్తయ్య కప్పులో పోయాల్సిన టీ పక్కన పోసింది. డాక్టరు పరీక్ష చేసి, మొన్నటికంటే ఇంకా తగ్గిందన్నాడు.

ఆ ఆదివారం నేను బడి పిల్లల పోటీలకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి తొట్టి అద్దంలా మెరిసిపోతోంది. రాళ్ళు తెల్లగా పళ్ళు తోముకున్నట్టున్నాయి. మామయ్య చేతులు మోచేతుల దాకా తడి, పక్కన ఇనప బద్ద. రాళ్ళన్నీ బయటికి తీసి, గీకి, కుళాయి కింద కడిగి, అరచేత్తో తడిమి చూసి మరీ లోపల పెట్టాడు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని తెలియని వాడు కాదు, పదిసార్లు నేనే చెప్పాను. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాచిన్నా చూడకుండా అరిచాను. కొంప ముంచావు మామయ్యా, ఆ జీవాలన్నిటినీ చంపేశావు, మళ్ళీ మొదటికొచ్చాం, అత్తయ్య కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే సిగ్గేస్తుంది. సీసాలో చుక్కలు వేశాను. చిక్కటి ఆకుపచ్చ.

ఆయన తడి చేతులు తుడుచుకుంటూ, “గరుగ్గా తగిలిందే, చెయ్యి ఊరుకోలేదు,” అన్నాడు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మర్నాటినుంచి ఆయన తొట్టి ముందు కూర్చోగానే ఒళ్ళో బఠానీకాయల పళ్ళెం పెట్టేది, ఒలవమని. బఠానీలు అయిపోతే ఊలు చిక్కులు తియ్యమని ఇచ్చేది. ఆ చేతులకి పని లేకుండా ఒక్క సాయంత్రం కూడా పోనివ్వలేదు. మేం తిన్న బఠానీల కూరకి లెక్కా పత్రం లేదు, చూస్తే చాలు ముఖం తిప్పుకునేదాన్ని.

కొట్టావిడ దగ్గరికి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి, ఆరేళ్ళుగా నడుస్తున్న తన సొంత తొట్టిలోంచి మురికి ఓడుతున్న స్పాంజి ముక్కా, రెండు పాత రాళ్ళూ తీసి బకెట్లో వేసి, తనే మోసుకొచ్చింది. వాటిలోని జీవాలు కొత్త రాళ్ళకి పాకితే నెల పని రెండు వారాల్లో అవుతుందట. తొట్టిలో వాటిని సర్ది, మామయ్య వైపు తిరిగి, “బాబాయి గారూ, ఇక్కడ మీ పని చెయ్యకుండా ఉండడమే,” అంది. మామయ్య బఠానీలు ఒలుస్తూనే బుద్ధిగా తలూపాడు.

పదహారో రోజున సీసాలో పసుపు. నేను నమ్మలేక మరోసారి పట్టి చూశాను. మామయ్యకి చెబితే ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు.

ముందు నత్తలు వదిలాం. వారం ఆగి నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట. ఆ తరవాత పగడాలు, వేళ్ళలా ఊగేదొకటి, చొక్కా గుండీలన్నీ ఒకచోట గుచ్చినట్టుండేదింకొకటి. తెచ్చిన రోజు రెండూ ముడుచుకుపోయాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కొత్త చోట బెదురు, తెరుచుకుంటాయిలే అని కొట్టావిడ అంటూనే ఉంది. అత్తయ్య చూపు అప్పటికి చేతి గాజంత మేర మిగిలింది. మనిషి ముఖం చూడాలంటే ముందు కళ్ళు వెతికి, అక్కణ్ణుంచి ముక్కుకీ నోటికీ దిగేది. ఆ మూడు రోజులూ మామయ్య తిండి సరిగ్గా తినలేదు. నేనూ బడిలో ఏం చెప్పానో నాకే తెలీదు.

నాలుగో రోజు నాలుగున్నరకి గుండీలు విచ్చుకున్నాయి. ఒక్కొక్కటీ ఆకుపచ్చ, చుట్టూ సన్నటి అంచు. మామయ్య అత్తయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, భోజనాల గది వైపు కుర్చీలో, గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చోబెట్టాడు. ఆవిడ ఎడమ మూలనుంచి మొదలుపెట్టింది. చేతి గాజంత, గాజంత, అలా తల మెల్లగా జరుపుకుంటూ పోయింది. చేపలు రెండూ ఆ గాజంత చూపులో దూరి బయటికి పోతుంటే నవ్వింది. గుండీల దగ్గర చాలాసేపు ఆగింది.

“ముప్పై ఏళ్ళూ మీరు గీకి పారేసింది ఇలాంటివాటినేనా?” అంది.

“వీటిని కాదులే. వీటి చుట్టాల్ని,” అన్నాడు మామయ్య.

కుడి మూల దాకా రావడానికి ఆవిడకి ముప్పావుగంట పట్టింది. మామయ్య ఊపిరి బిగబట్టి పక్కనే నిలబడ్డాడు. అప్పుడు ఆవిడ గాజు మీంచి ముఖం తియ్యకుండానే, అటు హాల్లోకి వెళ్ళి తొట్టి వెనక కూర్చోండి అంది. ఎందుకన్నాడు ఆయన. పగడాలు అయిపోయాయిగా అన్నాడు.

“మీరు నీళ్ళలో ఎలా ఉండేవారో నేనెప్పుడూ చూళ్ళేదు,” అంది అత్తయ్య.

మామయ్య చుట్టూ తిరిగి హాల్లోకి వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చుని, రాళ్ళ మధ్య ఖాళీలో ముఖం పెట్టాడు. ఆవిడ ఎప్పట్లాగే ముందు ఆయన కళ్ళు వెతుక్కుంది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని మా వాటాకి వచ్చేశాను.