మిల్లు ఆపిన కచేరీ

ఆ రోజుల్లో తిరువూరులో సంగీత విమర్శకుడు కావాలంటే సంగీతం వచ్చి ఉండాలన్న నియమమేమీ లేదు. నాలుగు పెద్ద సమాసాలు తెలిసి, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఉంటే సరిపోయేది. నాకు ఆ రెండూ ఉన్నాయి. డెబ్బయ్యో దశకం చివరికొచ్చిన కాలం, నాకు ఇరవై ఏళ్ళు. మా ప్రెస్సులో ముఖ్యంగా వేసేది పెళ్ళి శుభలేఖలు. పని లేనప్పుడు యంత్రం తుప్పు పడుతుందన్న బెంగతో మా యజమాని పదిహేను రోజులకోసారి ఒక పత్రిక కూడా వేసేవాడు. అందుకని అందరూ ఆయన్ని ఎడిటరుగారనే పిలిచేవాళ్ళు. ముహూర్తాలున్న నెలలో ఆ పత్రిక రెండు పేజీలకు చిక్కిపోయేది, మూఢం వస్తే ఎనిమిది పేజీలకు ఒళ్ళు చేసేది. అలా ఒక మూఢంలో పేజీలు నిండక ఎడిటరుగారు నన్ను పిలిచి, "కళల మీద ఏదైనా రాయవోయ్, కాస్త పొడుగ్గా" అన్నారు. ఆ పూటే నేను 'స్వరసాక్షి' అన్న పేరుతో విమర్శకుణ్ణయ్యాను. (స్వరానికీ నాకూ అంతకుముందు ముఖపరిచయం లేదు. ఆ సంగతి నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు.)

మా మేనమామ కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, వడ్ల మిల్లు పక్కన రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. ఊరంతా రేడియో బావ అనేవాళ్ళు, వరస కాని వాళ్ళు కూడా. ఏదో అర్థం కాని భాష స్టేషనులో ఒక సాయంత్రం కరెంటుతో పుట్టించిన సంగీతం విన్నాడట. ఇక అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. చచ్చిపోయిన రేడియోల్లో పనికొచ్చే భాగాలన్నీ ఊడదీసి, ఒక పాత పీట మీద పదహారు కాలింగ్ బెల్ స్విచ్చులు వరసగా బిగించి, ఒక్కో స్విచ్చు నొక్కితే ఒక్కో స్వరం పలికేలా ఒక పెట్టె తయారు చేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'విద్యున్నాద యంత్రం'. ఊరు పెట్టిన పేరు కూతపెట్టె. దాని కూతకి ఎదురింటి వాళ్ళ గేదె రెండు రోజులు పాలివ్వలేదని ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. బావ దాన్ని తన మొదటి విమర్శగా స్వీకరించి, మూడో స్విచ్చు సరిచేశాడు.

మా ఊళ్ళో హార్మోనియం మాస్టారని ఒకాయన ఉండేవారు. అరవై దాటాయి. పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తూ తనే పద్యం అందుకునే మనిషి. పెనుగొలనులో ఏటా వారం రోజులు వేసే నాటకాలకి ఇరవై ఏళ్ళుగా ఆయనే. వాళ్ళు ప్రతి ఏడూ పండూ తాంబూలంతో వచ్చి పిలుచుకుపోతే, మాస్టారు నెల ముందునుంచే గొంతుకి మిరియాల కషాయం తాగి, ఆ వారం రోజులూ కొత్త పంచె కట్టుకుని తిరిగేవారు. ఆయనకి ఏడాదంటే ఆ వారమే, మిగతావన్నీ ఎదురుచూసే రోజులు. ఒకనాడు తన రేడియో బాగుచేయించుకోవడానికి కొట్టుకొచ్చి, బల్ల మీదున్న పీటను చూశారు.

"ఇదేంటయ్యా?"

"వాయిద్యం మాస్టారూ. నేనే చేశానండి."

"తిత్తేదీ? గాలి ఎక్కణ్ణుంచి పోతోంది?"

"గాలి లేదండి. కరెంటే."

మాస్టారు ఒక స్విచ్చు మీద వేలుంచి చాలాసేపు అలాగే నొక్కి పట్టుకున్నారు. కొట్టులో ఉన్నవాళ్ళం చెవులు మూసుకున్నాం. ఆయన మాత్రం కళ్ళు మూసుకున్నారు. "ఊపిరి తియ్యట్లేదే ఇది," అన్నారు చివరికి. "నా వయసులో ఇలాంటి తోడు దొరకటం కష్టం. కలిసి వాయిద్దామా?"

ఆ సాయంత్రమే బావ ఒక రికార్డింగు కంపెనీ స్థాపించాడు. మద్రాసు కంపెనీలు మనల్ని పట్టించుకునేదేంటి, మన రికార్డులు మనమే వేసుకుందాం అన్నది ఆయన సిద్ధాంతం. దాని పేరు 'కొత్తగొంతు రికార్డులు, తిరువూరు'. మా ప్రెస్సులో నేనే దగ్గరుండి రెండు వందల లేబుళ్ళు అచ్చు వేయించాను, నీలం రంగులో, చుట్టూ శుభలేఖ పూల అంచుతో. (వేరే అంచు మా దగ్గర లేదు.) కంపెనీకున్న మొత్తం యంత్రసామగ్రి ఏంటంటే, మిల్లు బాబాయి మద్రాసులో కొనుక్కొచ్చిన బ్యాటరీల టేపురికార్డరు ఒకటి, అదీ అరువుది. మిల్లు బాబాయంటే పక్కనున్న వడ్ల మిల్లు యజమాని. కాపీలు తీయడానికి రెండో యంత్రం కావాలన్న సంగతి లేబుళ్ళు వచ్చాక తెలిసింది. లేబుళ్ళు రెండు వందలు, క్యాసెట్టు ఒక్కటి. అయినా బావ అధైర్యపడలేదు.

కచేరీ మిల్లు పక్క ఖాళీ జాగాలో, సాయంత్రం ఐదింటికి పెట్టారు. ఆ మధ్యాహ్నమంతా బావ, మాస్టారు కూర్చుని పీటను హార్మోనియంతో శ్రుతి కలిపారు. ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. ఆ పెట్టె శ్రుతి కరెంటును బట్టి ఉండేది. కరెంటు తగ్గితే కిందికి దిగేది, పెరిగితే పైకెక్కేది. మిల్లు మోటారు తిరుగుతుంటే ఆ లైను మీదున్న దీపాలన్నీ గుడ్డిగా వెలిగేవి, మా పెట్టె కూడా కాస్త దిగి పలికేది. దాన్ని నిలకడగా ఉంచే సాధనం పెట్టమని మాస్టారు అడిగితే బావ, "కొత్త వడ్లొచ్చే రోజులు మాస్టారూ, మిల్లు రాత్రి ఎనిమిదిదాకా ఆగదు. దాన్ని మించిన నిలకడ ఏముంటుంది?" అన్నాడు. నిజమే. అంతకు ముందు ఏడు ఇదే సీజనులో మిల్లు బాబాయి సొంత మేనకోడలి పెళ్ళికి కూడా మోటారు ఆపలేదు. ఆ ధైర్యంతో, మిల్లు తిరుగుతుండగానే శ్రుతి కలిపారు.

జనం బాగానే వచ్చారు. విస్సన్నపేట, ఎ.కొండూరు నుంచి కూడా వచ్చారు, వింత చూడటానికి. ముందు వరసలో మిల్లు బాబాయి, పెనుగొలను నాటకాల పెద్దాయన, ఆయన పక్కన ఎడిటరుగారు, ఆ పక్కన ఒళ్ళో టేపురికార్డరు పెట్టుకుని నేను. మొదటి పది నిమిషాలూ అద్భుతంగా నడిచింది. మిల్లు డుగడుగలాడుతూనే ఉంది, పీట సన్నగా పాడుతోంది, మాస్టారు దాని మీద పద్యం ఎత్తుకున్నారు. అప్పుడు మిల్లు బాబాయి మొహంలో ఒక మార్పు వచ్చింది. పెద్దమనిషి పాడుతుంటే తన మిల్లు రొద చేయడం ఆయనకి మర్యాదగా తోచలేదు. లేచి, కండువా సర్దుకుని, గోడవతలికి వెళ్ళి, జీవితంలో మొట్టమొదటిసారి సీజనులో మోటారు ఆపించి, తిరిగొచ్చి నిండు సభలో నమస్కారం పెట్టి కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు. దీపాలు భగ్గుమని వెలిగాయి.

ఆ తర్వాత ఏదో తేడా వచ్చిందని నాకు కూడా తెలిసింది. మాస్టారు హార్మోనియం మీద చెయ్యి ఆపారు. రెండు మూడు మెట్లు తడుముకున్నారు. మళ్ళీ అందుకున్నారుగానీ గొంతు బాగా పైకి వెళ్ళిపోయింది, మెడ నరాలు పొంగాయి, ముప్పావుగంట పోయాక ఆఖరి పద్యంలో గొంతు చీరుకుపోయింది కూడా. బావ మాత్రం తలెత్తకుండా స్విచ్చులు నొక్కుతూనే ఉన్నాడు. నాకంతా తేటతెల్లమైపోయింది. యంత్రానికి తప్పు రాదు, మనిషికే వస్తుంది. ఆ విషయం ఎడిటరుగారి చెవిలో అప్పుడే చెప్పాను కూడా.

స్వరసాక్షి మర్నాడు కలం పట్టాడు. "నవయుగ విద్యున్నాదపు నిశ్చల శ్రుతి ముందు వృద్ధ కళాకారుని శ్రవణశక్తి తలవంచినది. తడబడి, తడుముకొని, స్థాయి మరచి, చివరకు కంఠము చెదరిన ఆ దృశ్యము శోచనీయము." ఇంకా చాలా ఉంది, మూఢం నెల కదా. రాశాక నాలుగుసార్లు చదువుకున్నాను. 'శోచనీయము' దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి.

పత్రిక వచ్చిన వారానికి పెనుగొలను నుంచి ఇద్దరు మనుషులు పండూ తాంబూలంతో వచ్చారు. మాస్టారి ఇంటికి కాదు, బావ కొట్టుకి. "మాస్టారి చెవి మందగించిందంట కదండీ, పత్రికలో కూడా వేశారు. ఈసారి నాటకానికి మీ పెట్టె తెస్తే బావుంటుందని మా పెద్దాయన అన్నారు," అన్నారు. బావ పొంగిపోయాడు. నేను ఇంకా పొంగిపోయాను, నా రాతకి అంత బలముందని మొదటిసారి తెలిసింది. ఆ ఆనందంలో ఇద్దరం కొట్టు తలుపులు దగ్గరికేసి, అప్పటిదాకా వినని మా కంపెనీ క్యాసెట్టు పెట్టుకుని కూర్చున్నాం.

టేపురికార్డరు బ్యాటరీలతో నడిచింది కాబట్టి దానికి మిల్లుతో నిమిత్తం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. డుగడుగ ఆగింది. వెంటనే మా పీట శ్రుతి మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది, ఒక మెట్టు నిండా ఎక్కి అక్కడ కూర్చుంది. హార్మోనియం ఆగింది. రెండు మూడు మెట్లు వెతికింది. ఆపైన సరిగ్గా ఆ కొత్త శ్రుతి మీదకొచ్చి వాలింది. అక్కణ్ణుంచి చివరిదాకా, అరవై దాటిన మనిషి, తనకి అలవాటైన స్థాయి వదిలేసి, మా పెట్టె ఎక్కడికెక్కితే అక్కడికెక్కి ముప్పావుగంట పాడారు. సభలో శ్రుతి తప్పనిది ఆయనొక్కరే. బావ క్యాసెట్టు ఆపి నా వైపు చూడలేదు. "నాకు అప్పుడే తెలిసిందిరా, పెట్టె ఎక్కేసిందని. మాస్టారు ఎలాగోలా సర్దేశారులే అనుకున్నాను," అన్నాడు. "నువ్వు రాసింది చదివి కూడా ఊరుకున్నాను. నా పెట్టెని మెచ్చుకున్నావు కదా." నాకు సిగ్గేసింది, అంతే, దానికి ఇంకో మాట లేదు.

ఎడిటరుగారి దగ్గరికెళ్ళి, తప్పు జరిగింది, సవరణ వేద్దామన్నాను. ఆయన శాంతంగా, "విమర్శకుడు తప్పు ఒప్పుకుంటే రేపు పెళ్ళికొడుకు పేరు తప్పు పడిందని జనం వస్తారోయ్. మూఢం కూడా వెళ్ళిపోయింది, ఇప్పుడు జాగా లేదు," అన్నారు. దాంతో మర్నాడు పొద్దున్నే నేనూ బావా టేపురికార్డరు తువ్వాలులో చుట్టుకుని పెనుగొలను బస్సెక్కాం.

నాటకాల పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. బావ క్యాసెట్టు పెట్టి, మిల్లు ఎక్కడ ఆగిందో, పెట్టె ఎలా ఎక్కిందో వేలెత్తి చూపిస్తూ వినిపించాడు. పెద్దాయన తలాడిస్తూ విన్నారు. హార్మోనియం మెట్లు వెతుక్కునే చోటు వచ్చింది. సరిగ్గా అక్కడ, అన్నిటికంటే గట్టిగా, టేపులోంచి ఒక కుర్రగొంతు వినిపించింది. "చూశారాండీ, మాస్టారు తప్పేశారు. చెవి పోయింది పాపం." రికార్డరు నా ఒళ్ళోనే ఉందన్న సంగతి ఆనాడు నాకు గుర్తులేదు. కొట్టులో విన్నప్పుడు బావ మాటెత్తలేదు, నేను విననట్టు నటించాను. అరుగు మీద అది కుదరలేదు.

"ఎవరిదా గొంతు?" అన్నారు పెద్దాయన.

"నాదేనండి. పత్రికలో రాసింది కూడా నేనేనండి."

ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, "మజ్జిగ తాగు," అన్నారు. ఆ మధ్యాహ్నం మాతోపాటే బస్సెక్కి తిరువూరొచ్చి, పండూ తాంబూలం తనే స్వయంగా మాస్టారి చేతిలో పెట్టారు. పెట్టి, "అలాంటిది జరిగితే మాకొక మాట చెప్పొద్దా మాస్టారూ? పత్రికలో అంత రాస్తే పల్లెత్తు మాట అనలేదే?" అని అడిగారు.

మాస్టారు గుమ్మంలో నిలబడ్డ మా ఇద్దర్నీ చూపించి, "పెట్టెదే తప్పని నేనంటే ఇంకెవరు వింటారండీ దాన్ని? ఆ కుర్రాడు రెండేళ్ళు కష్టపడి చేసుకున్నాడు. నాదంటారా, వాయించాల్సింది వాయించేశాను," అన్నారు. ఆ తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు. తిడతారనుకున్నాను, తిడితే బావుండేది. "నువ్వు రోజూ ఓ గంట వచ్చి కూర్చోరా అబ్బాయ్. తిత్తి వేద్దువుగాని. ఊరికే విను," అన్నారు. ఆ ఏడంతా వెళ్ళాను. తిత్తి వేయగా వేయగా, ఆరు నెలలకి షడ్జం ఏదో పోల్చుకోగలిగాను. ఆ రోజునుంచీ స్వరసాక్షి మళ్ళీ రాయలేదు. తెలిసినకొద్దీ కలం కదల్లేదు. ఎడిటరుగారికి మాత్రం అది నా బద్ధకంగానే మిగిలిపోయింది.

కొత్తగొంతు రికార్డుల మొదటిదీ చివరిదీ అయిన ఆ క్యాసెట్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మిగిలిన నూట తొంభై తొమ్మిది లేబుళ్ళూ ఉన్నాయి. ఎప్పుడైనా పెట్టుకుని వింటాను. మిల్లు ఆగుతుంది, పెట్టె పైకెక్కుతుంది, మాస్టారు ఆగి, వెతుక్కుని, దాన్ని అందుకుంటారు. ఆ మధ్యలో ఇరవయ్యేళ్ళవాడొకడు ఎంతో జాలిగా, ఎంతో నమ్మకంగా, మాస్టారి చెవి పోయిందని చెబుతాడు. వాడి మాట చెరిపెయ్యమని మా మనవరాలు చాలాసార్లు చెప్పింది, ఇప్పుడది చిటికెలో పనట. నేను వద్దన్నాను. ఆ మాట తీసేస్తే మాస్టారు ఎంత బాగా పాడారో నాకు మళ్ళీ తెలియకుండా పోతుందేమోనని భయం.