పన్నెండో చద్దరు

మా ముత్తాత వెంకటనరసింహారావు దేశ్‌ముఖ్ పదకొండు ఊళ్లకు దొర. ఆయన కొడుకు, మా తాత రంగారావు, గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారట. మా ఇంటి చద్దర్ల అంచున ఏనుగుల వరుస ఉండేది. ఆ అంచు మరెవరికీ నేయరాదని నేతగాళ్లకు తాత ఆజ్ఞ.

మొన్న షోలాపూర్ దుకాణమొకటి ఫోన్లో అదే అంచు చూపింది: "పన్నెండే నేయించాం. ఒక్కటే మిగిలింది." పదకొండు చద్దర్లు ఎవరెవరి మంచాల మీదో ఉన్నాయన్న ఊహే భరించలేకపోయాను. బేరమాడకుండా డబ్బు పంపి, నేనే వచ్చి తీసుకుంటానన్నాను.

ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాను. ఎదురు సీట్లో షోలాపూర్‌లో బీడీలు చుట్టే లక్ష్మీబాయి. సంగతి విని నవ్వింది. "ఒక్కటే మిగిలిందంటే నేను గూడ ఉరికి మిక్సీ కొన్న అన్నా. నెల తిరగకముందే మా గల్లీల ఇంటింటికి గదే మిక్సీ!" నేను కిటికీ వైపు తిరిగాను.

ఒంటిగంటకు షోలాపూర్. జొన్నరొట్టె, పల్లీల కారం తిని దుకాణానికి వెళితే, నీలం నగర్‌లోని నేతగాడి ఇంటికి పంపారు. మిగిలిందన్న చద్దరు ఇంకా మగ్గం మీదే ఉంది!

నేతగాడు నర్సయ్యకు అరవై దాటాయి. మగ్గంపైన రంధ్రాల అట్టలు దండలా తిరుగుతున్నాయి. ఒక్కో అట్ట దిగినప్పుడల్లా ఏనుగు కాస్త లేస్తోంది: కాళ్లు, తొండం, అంబారీ.

"అట్టలుంటే నూరైనా నేస్త సార్. దుకాణం సేటే పన్నెండు దాటొద్దన్నడు. ఎక్కువైతే పెద్దోళ్లు కొనరంట."

మా ఊరి పేరు, ఇంటి పేరు చెప్పాను. నర్సయ్య మగ్గం ఆపేశాడు. "ఏమే, దొరోళ్ల ఇంటికెల్లి వచ్చిండ్రు!" అని భార్యను కేకేశాడు.

మా అంచు నేసింది అతని తాతేనట. వలస వచ్చాక కూడా ఆ ఆజ్ఞను కొడుకులకు చెప్పిపోయాడు. మూడు తరాలుగా సొంతానికైనా నేసుకోలేదు. "సేటు పాత చద్దరు తెచ్చి గిట్లనే నెయ్యమన్నడు. మీరే ఇచ్చిండ్రనుకున్న. తప్పయిందా దొరా?"

"గదేం అడుగుడు?" భార్య అందుకుంది. "ఊరోళ్లకు పన్నెండు నేసిండు. పక్క ఊరు కుంభారిల బిడ్డ కొత్తిల్లు కట్టుకుంటె ఒక్కటి నెయ్యడు. దొర మాట, దొర మాట అంటడు. దొర గీడనే నిలవడ్డడు గద, అడుగు!"

అతడు అడగలేదు. నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. సరే అంటే నాది ఇక ఆఖరిది కాదు. మా ఇల్లే మరచిన మాటను ఈ రెండు గదుల ఇల్లు ఇన్నేళ్లు మోసింది.

"నేసుకోండి. అమ్మాయికీ నేయండి, అడిగినవాళ్లందరికీ నేయండి," అన్నాను.

"ఈ అట్టలు సేటువి, ఆయనకే ఇచ్చేస్త దొరా. అంచు నాకు నోటికొచ్చు, కొత్త అట్టలు నేనే కొట్టుకుంట," అంటూ మళ్లీ మగ్గం మీద కూర్చున్నాడు.

సాయంత్రం రైల్లో చద్దరును పైన సామాను చోట పెట్టబుద్ధి కాక ఒళ్లోనే ఉంచుకున్నాను. పదకొండు ఊళ్లు ఏలిన రోజుల్లోనూ మా మాటకు ఇంతటి మన్నన దక్కి ఉండదు.

పాత చద్దరు సేటు చేతికి ఎలా వచ్చిందో నర్సయ్య అడగలేదు. నిరుడు హైదరాబాద్‌లో, భోషాణంతో సహా, దాన్ని నేనే అమ్మాను.