మానేసినవాణ్ణి అడుగు

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు కొత్త షావుకారు దగ్గరికి మారే ముందు, ఆయన దగ్గర పని మానేసినవాణ్ణి వెతికి పట్టుకుంటారు. పనిలో ఉన్నవాడు నిజం చెప్పడని వాళ్ల లెక్క. మా నాయన అట్లాగే చేసేవాడు. ఎవరైనా ఇంటికొచ్చి ఏదైనా సంగతి చెబితే ముందు "ఎవురు చెప్పినారు?" అని అడిగేవాడు. పేరు లేని మాటను మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగాను. హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నాతోపాటు పిలుపు వచ్చినవాళ్లు ఫోన్లలో కంపెనీ వెబ్‌సైట్ బట్టీ పడుతుంటే ఎగతాళిగా నవ్వుకున్నాను. నేను మాత్రం మానేసినవాణ్ణి వెతుక్కుంటూ పెనుకొండ పోయాను.

ఆయన ఆ ఫ్యాక్టరీలో ఆరేళ్లు మెకానిక్‌గా చేశాడు. ముక్కూమొహం తెలియని నన్ను మంచం మీద కూర్చోబెట్టాడు. ఆయన భార్య ఇంకా అక్కడే కుట్టుమిషన్ మీద పనిచేస్తోంది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది, టీ తెచ్చిచ్చింది. షిఫ్టులు, తిట్లు, అన్నీ చెప్పుకొచ్చి చివర్లో ఆయన గొంతు తగ్గించాడు. పై అంతస్తు వెనక తలుపుకు ఎప్పుడూ తాళమేనట. బయటివాళ్లు తనిఖీకి వచ్చిన రోజు మాత్రం తీస్తారట. నిప్పంటుకుంటే ఆడవాళ్లు దిగడానికి వేరే దారి లేదట.

"నా పేరు యాడా ఎత్తద్దప్పా. నా పెండ్లాం ఆడనే పని చేస్తాండాది. ఇల్లు గడిచేది దాని జీతంతోనే."

ఎత్తనని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

ఇంటర్వ్యూలో మేనేజర్, మా కంపెనీ గురించి నీకేం తెలుసని అడిగాడు. నాకంటే ముందు పోయినవాళ్లంతా వెబ్‌సైట్ అప్పజెప్పి ఉంటారు. నేను తాళం సంగతి చెప్పాను. ఆయన మొహం మారింది. ఎవరు చెప్పారన్నాడు. టీ అంగట్లో విన్నానంటే సరిపోయేది, కానీ నా మాట తేలిపోతుందనిపించింది. పేరు చెప్పాను. భార్య ఏ లైన్లో కుడుతుందో అడక్కుండానే చెప్పాను. నోరు జారిందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు ఉద్యోగం కావాలి, అంతే.

"నీలాంటోడే కావల్ల మాకు," అన్నాడు మేనేజర్. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

చేరే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోతే, ఆ మెకానిక్ భార్య గేటు బయట టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి పంపొద్దన్నారని సెక్యూరిటీ ఆపేశాడు. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, నీకు ఉద్యోగమొచ్చిందా? మంచిదాయ. మా ఇంటాయన కంపెనీ మీద ఎవురికో ఏమో చెప్పినాడని నన్ను పనిలోనుంచి నిలబెట్టినారు. ఆయప్ప అట్లాటోడు కాదని నువ్వన్నా ఒక మాట చెప్పన్నా."

సెక్యూరిటీ నా వైపు తిరిగి, ఈయమ్మ నీకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను.

ఆమె, తను నాకు అడ్డంగా ఉందని అప్పుడే గమనించినట్టు, పక్కకు జరిగి దారి ఇచ్చింది.