ఉబుకాత గారి నలభై సెకండ్లు

శిరనామి స్టేషన్లో ఉబుకాత గారు ముప్పైనాలుగేళ్ళు రైళ్ళు పంపారు. తెల్ల చేతితొడుగు వేసుకున్న వేలితో గడియారం చూపించి "వేళయింది", తలుపులు చూపించి "మూసుకున్నాయి" అని పైకి చెప్పి, ఆ తర్వాతే ఈల వేసేవారు. చెప్పకుండా చేసిన పని మా దగ్గర చేసినట్టు కాదు. నేను పక్కనే టికెట్ల కిటికీలో ఉండేదాన్ని.

రిటైర్మెంటుకి నాలుగు నెలల ముందు ఆయన ఒక తప్పు చేశారు. చేపలమ్మే షిగె అవ్వ డబ్బా వీపున కట్టుకుని మెట్లెక్కుతుంటే, పొద్దున ఏడూ పన్నెండు బండిని నలభై సెకండ్లు ఆపారు. దాంతో తర్వాతి జంక్షన్లో ఎవరికో మారాల్సిన బండి తప్పింది. ఫిర్యాదు వచ్చింది.

నెల రోజులు ఆయన చేత ప్రయాణికులు చూస్తుండగా పట్టాల మధ్య గడ్డి పీకించారు. రోజూ పొద్దున మా అందరి ముందూ నిలబెట్టి క్షమాపణ చదివించారు. స్టేషన్ మాస్టర్ కురోసు ఆయనకంటే పద్నాలుగేళ్ళు చిన్న.

"వినపళ్ళేదు నలభై గారూ, మళ్ళీ చదవండి," అనేవాడు.

మేం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

రిటైరయ్యే మనిషి ఆఖరి రోజు ఒక బండి పంపితే, అందరూ వరసగా నిలబడి తలలు వంచి పూలగుత్తి ఇవ్వడం మా ఆనవాయితీ. ఆయన భార్య ఫుమియో గారు ఆయన పని చేస్తుండగా ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు కోసం కిమోనో కుట్టించుకున్నారు. ఆ సంగతి కురోసుకి తెలుసు.

"పంపండి, ఏడూ పన్నెండే పంపండి," అన్నాడు. "ఒక్క సెకండు దాటిందా, పూలూ లేవు, వరసా లేదు. మీ ఆవిడ ముందే వెనక గేటు చూపిస్తాను."

ఆ పొద్దున ఫుమియో గారు స్తంభం పక్కన నిలబడ్డారు. మేం వరస కట్టాం. ఉబుకాత గారు వేలెత్తేసరికి మెట్ల మలుపులో డబ్బా కనిపించింది.

"ఉబుకాతా, వస్తున్నానయ్యా, వచ్చేశా."

ఆయన చూశారు. అవ్వ కళ్ళలోకే చూశారు. వేలు గడియారం మీదికి వెళ్ళింది. "వేళయింది." తలుపుల మీదికి వెళ్ళింది. "మూసుకున్నాయి." ఈల వేశారు.

అవ్వ అడుగు తడబడి డబ్బాతో సహా దొర్లిపోయింది. తుంటి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బండి సరిగ్గా వేళకి కదిలింది. కురోసు చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం.

"ఇవాళ్టికి పని నేర్చుకున్నారు," అంటూ పూలగుత్తి చేతికిచ్చాడు.

"ఏమండీ, ఆ పడిపోయినావిడ మిమ్మల్ని పేరు పెట్టి పిలిచిందే, ఎవరు?" అన్నారు ఫుమియో గారు.

"తెలీదు," అన్నారు ఉబుకాత గారు. చేతితొడుగులు మడిచి జేబులో పెట్టుకున్నారు.

అవ్వని మోసుకెళ్ళాక, మెట్ల మీద చేపలు ఎత్తెయ్యమని కురోసు నాకు చెప్పాడు. వాటిలో ఎర్ర తాడు కట్టిన పొట్లం ఒకటి ఉంది. లోపల శుభకార్యాలకి పెట్టే ఎర్ర చేప, మంచి పెద్దది, ఉప్పు పట్టించింది. పైన కాగితం మీద ఉబుకాత గారి పేరు వంకరటింకర అక్షరాల్లో ఉంది.

ఆయన అప్పటికింకా గేటు దాటలేదు. పిలిస్తే పలికేంత దూరం.

కురోసు చూస్తున్నాడు. పొట్లాన్ని మిగతా చేపలతో పాటు చెత్తబుట్టలో వేసి, మెట్లు కడిగాను.