ఎదుటివాళ్ళ ఫోనులో బస్సు పేజీ

మూడో అంతస్తు కళ్ళజోడాయన కనబడినవాళ్ళ ఫోన్లన్నీ అడిగి తీసుకుని లోపలి గుట్లు తవ్వుతాడని మన వీధిలో ఒక పుకారు. అడిగే మాట నిజమే, తవ్వే మాట అబద్ధం. అతను చూసేది బస్సు కంపెనీ వెబ్ పేజీ ఒక్కటే. దాన్ని తయారుచేసేదీ అతనే. సొంత పేజీకి పరాయి ఫోనెందుకని ఇస్త్రీ ఆయన ఒకటే ఎగతాళి, అతని ఫోనుకి కూడా ఓ కళ్ళజోడు పెట్టించాలట.

అసలు సంగతి వేరు. అతని పనిలో ప్రతి పేజీకీ రెండు కాపురాలు. ఒకటి ఆఫీసువాళ్ళు సరిచూసుకునే పరీక్ష కంప్యూటరులో, రెండోది జనం చూసే అసలు కంప్యూటరులో. ఏ ముక్క ఎక్కడ కనబడాలో పేజీలోనే షరతు రాసిపెడతారు. పోయిన వానల్లో వంతెన కుంగి పొద్దుటి బస్సు ఆగిపోతే, ఎర్రక్షరాలతో ప్రకటన రాశాడు. పైఅధికారి చూసేదాకా బయటికి పొక్కకూడదని, పరీక్షలో మాత్రమే కనబడేలా షరతు పెట్టాడు. ఆవిడ చూసి సరే అంది. షరతు మార్చడం ఇతను మరిచాడు. పరీక్ష కంప్యూటరు చూపించే తన తెర మీద ప్రకటన నిక్షేపంగా కనబడుతుంటే అనుమానం ఎందుకొస్తుంది?

ఆ సాయంత్రమే కింది వాటా దర్జీ అక్క మెట్ల మీద ఆపింది. అమ్మకి బాగా లేదు, పొద్దున్నే వెళ్ళాలి, బస్సుందా అని అడిగింది. ఇతను ఏదో హడావుడిలో, అంతా పేజీలో పెట్టాం చూసుకో అక్కా అనేసి వెళ్ళిపోయాడు. ఆవిడ చూసుకుంది. ఏమీ రాసిలేదు కాబట్టి బస్సు ఉందనుకుంది. మర్నాడు స్టాపులో రెండు గంటలు నిలబడి, చుట్టుదారిన చేరేసరికి తల్లి కన్నుమూసి గంటయింది.

ఆ మధ్యాహ్నమే సంగతి తెలిసి షరతు మార్చాడు. ఆవిడకి చెప్పుకోవడమే మిగిలింది. ఏడు నెలలుగా చెబుదామని వెళ్ళడం, చెప్పడానికి బదులు ఫోను అడగడం, పేజీ చూసి తిరిగి రావడం.

పుకారు ఆవిడ చెవినా పడింది. మొన్న ఫోను అడిగితే ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుంది. కాజా కుడుతున్న సూదిని గుడ్డలో గుచ్చి తలెత్తింది.

"నా ఫోనులో ఏముంది తమ్ముడూ, అస్తమానం చూస్తావు?"

అతను కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ రోజు బస్సు లేదని నాకు తెలుసక్కా. రాసింది నేనే. నాకు కనబడింది, నీకు కనబడకుండా చేసిందీ నేనే. అడిగినప్పుడు నోటితో చెప్పినా అమ్మని చూసుకునేదానివి. అందుకే... నీకేం కనబడుతోందో చూస్తున్నా."