మంఖాల్‌లో ఎండ, కృష్ణలో వరద

మా అక్కకు కృష్ణ మీద ఒక్కసారైనా తెడ్డు వేయాలని కోరిక. ఈత రాదు. శంషాబాద్ అవతల మంఖాల్‌లో మెట్ట సేద్యం చేస్తూ బోరు నీళ్లు తప్ప పారే నీళ్లు పెద్దగా చూడని మనిషి. కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం డ్యాం వెనుక జలాల్లో కయాక్‌లనే చిన్న తెడ్డు పడవలు కిరాయికిస్తారని, గంటకు ఐదువందలని విని, ఆగస్టులో ఒక ఆదివారం ఖాయం చేశాను. "నీ మాట మీద వస్తున్న, జర అన్నీ చూసుకో" అంది.

చూడటమంటే ఏమిటో ఆ వారమంతా తెలిసొచ్చింది. ఫోన్‌లో ఒక యాప్ ఎండంటుంది, ఇంకొకటి జల్లులంటుంది, మరొకటి ఎంత తిట్టినా శంషాబాద్ విమానాశ్రయం దగ్గర గాలి ఎటు వీస్తోందో తప్ప చెప్పదు. నేనేమన్నా విమానం నడపబోతున్నానా? నది మట్టం వెతికితే నిరుటి వార్తలొచ్చాయి. విసుగొచ్చి పడవలతనికి ఫోన్ చేశాను. నీళ్లెలా ఉన్నాయంటే మంచిగున్నయ్, రమ్మన్నాడు. వరద ఉందా అంటే వచ్చినంక చూద్దామన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే పాట.

ఆదివారం తెల్లారకముందే నేనుండే అత్తాపూర్‌లో బయల్దేరి, శంషాబాద్ మీదుగా మంఖాల్ చేరేసరికి ఎండ చక్కగా కాస్తోంది. మెట్ట ఊరి వాళ్లం కదా, మా చేను మీద మబ్బు లేకపోతే లోకంలో వాన లేనట్టే. కొల్లాపూర్‌కు ఇంకో మూడున్నర గంటల దారి. అక్కను ఎక్కించుకుని శ్రీశైలం రోడ్డెక్కగానే టీకి ఆగాం. ఏం గాదు గదా అని అక్క అడిగింది. ఏం గాదన్నాను. ఆమె నా ఫోన్ తీసుకుని, స్పీకర్ పెట్టి, పడవలతనికే కలిపింది.

"తమ్మీ, ఇయ్యాల నువ్వు పడవేసినవా?"



"లేదక్కా, ఒడ్డుకు కట్టేసిన. పైన డ్యాం గేట్లు లేపిండ్రు, నీళ్లు గుంజుతున్నయ్."

"మరి మా చెల్లెను రమ్మంటివి?"

"గంత దూరం నుంచి వస్తమన్నోళ్లను రావద్దని ఎట్లంటనక్కా?"

నాకు ఒళ్లు మండింది. మర్యాదకు పోయి మనుషుల్ని వరదలోకి పిలుస్తారా? అక్క మాత్రం టీ కొట్టు బెంచీ మీదే డబ్బా విప్పి పులిహోర పెట్టింది. తిరుగు దారి పొడవునా నేను అతణ్ణి తిడుతూనే ఉన్నాను.

"ఆయన్నెందుకు తిడతవ్? నువ్వు నన్ను గిట్లనే గద తోలుకొచ్చినవ్, ఏం గాదని" అంది అక్క.

ఆ మాట నిజమే. ఎక్కడో కర్ణాటకలో, మహారాష్ట్రలో పడ్డ వానే మన కృష్ణలోకి వస్తుందని బళ్లో చదువుకున్నదాన్నే. అయినా ఇంటి మీది ఎండను చూసి, ఈత రాని మనిషిని బండెక్కించాను. ఆమె ఆ ఒక్క మాట అడగకపోయి ఉంటే అని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. మీరు వెళ్లేటట్టయితే ఎగువ గేట్ల సంగతి కనుక్కుని, పడవలతన్ని రావచ్చా అని కాదు, ఈరోజు మీరు నీళ్లలోకి దిగారా అని అడగండి. అప్పటిదాకా మీ వెంట వచ్చేవాళ్లకు ఏం గాదని చెప్పకండి.