బావ చప్పుడు

యుద్ధం ఆటలో మా బావ కంటే ముందు చచ్చేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. రౌండ్ మొదలైన కాసేపటికే ఆయన కంప్యూటర్ తెర మీద నేల అడ్డంగా కనిపించేది. "అయిపోయిందా?" అని అడిగేవాడు, పొయ్యి మీది అన్నం సంగతి అడిగినంత తాపీగా. నాకు ఒళ్లు మండేది.

బావంటే మా అక్క భర్త. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. లారీల మీద నుంచి జామాయిల్ కర్ర దించే పని. నేను వాళ్లింట్లో ఉండి, గోదావరి అవతల భద్రాచలంలో డిగ్రీ చదువుతుండేవాణ్ణి. మా చిన్నాన్న కొడుకులిద్దరు, మా గూడెం దోస్తు ఒకడు దగ్గర్లోనే గది కిరాయికి తీసుకుని ఉండేవారు. జట్టుకు ఐదుగురు కావాలి, ఆ ఐదోవాడు బావ. ఆయనకు సెలవు ఆదివారం ఒక్కటే. మిగతా రోజుల్లో నేను లేచేసరికి మిల్లుకు పోయేవాడు, వచ్చాక తిని పడుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నం నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చునే ఆ కాస్త సేపే ఆయన మాకు దక్కేవాడు. తిట్టుకుంటూనే ఆ పూట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

ఆట ఇదీ: ఒక జట్టు బాంబు తెచ్చి గోదాంలో పెట్టాలి, రెండో జట్టు ఆపాలి. గోదాంలోకి రెండే దారులు, ముందు పెద్ద గేటు, వెనక ఇరుకు సందు. షిఫ్ట్ మీట నొక్కి నడిస్తే అడుగుల చప్పుడు రాదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడే ఆటలో అవతలివాడి చప్పుడు వినడమే సగం పని. బావ ఆ మీట నొక్కిన పాపాన పోలేదు. కర్ర మోసి మొద్దుబారిన వేళ్లు రెండు మీటల మీద ఒకేసారి నిలిచేవి కావు. పైగా తుపాకీ చేతికొస్తే చాలు, ఆకాశంలోకి, గోడల్లోకి కాలుస్తూనే ఉండేవాడు.

జట్టుకు వ్యూహకర్తను నేనే. నాకు తెలిసిన వ్యూహమల్లా ఒక్కటే, మా గూడెం వేట. మా కోయల విత్తనాల పండుగకు మగవాళ్లంతా అడవిలోకి పోతారు. కొందరు ఒక పక్క నుంచి కేకలేస్తూ డప్పు కొడుతూ వస్తారు. తక్కినవాళ్లు అవతలి పక్క ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. చప్పుడుకు బెదిరిన జంతువు వాళ్ల వైపే పరుగెడుతుంది. నేనూ అదే చేశాను. గేటు దగ్గర చప్పుడు చేయడానికి బావను పెట్టి, మేం నలుగురం సందులో మాటు వేశాం.

మనిషి జంతువు కాదన్న సంగతి మాకు తట్టలేదు. అవతలివాళ్లు చప్పుడు వినగానే చప్పుడు వైపే వచ్చారు. బావను చంపి, తీరిగ్గా బాంబు పెట్టి పోయారు. మేం సందులో కూర్చునే ఉన్నాం. "ఒక్క పందన్న రాలేదు గదరా!" అని మా దోస్తు గట్టిగా నవ్వాడు. వాణ్ణి కొట్టబోయాను.

ఆ తర్వాత తెలివి తెచ్చుకున్నాం. చప్పుడు వైపే వస్తారు కాబట్టి గేటు చుట్టూ మేం దాక్కున్నాం. మధ్యలో బావ ఆకాశాన్ని కాలుస్తూ నిలబడేవాడు. వాళ్లొచ్చి ఆయన్ని చంపేవాళ్లు, మేం వాళ్లను చంపేవాళ్లం. బావ పేరు పక్కన ఎప్పుడూ సున్నాయే, గెలుపు మాత్రం మాది. "నేను సచ్చుడు మీకు లాబమైతే సావనీ" అనేవాడు.

అప్పుడే మిల్లు క్వార్టర్ల పిల్లలతో పేచీ వచ్చింది. వాళ్లకూ ఆదివారం మధ్యాహ్నమే కావాలి, ఉన్న కంప్యూటర్లేమో రెండు జట్లకే సరిపోతాయి, మేం ఒకరితో ఒకరం ఆడేవాళ్లం కాదు, ఎవరి ఎదుటి జట్టు వాళ్లకుండేది. వారంవారం ఈ తగువు పడలేక నెట్ సెంటరాయన తేల్చేశాడు. "కొట్లాడకుండ్రి. ఒక మ్యాచ్ ఆడుండ్రి. గెలిచినోళ్లకు ఆదివారం, ఓడినోళ్లు కడమ రోజులల్ల రండ్రి." కడమ రోజులంటే బావ లేని రోజులు. మ్యాచ్ ఆదివారం బావ తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

మొదట్లో మా ఎర బాగానే పనిచేసింది. తర్వాత వాళ్లకూ అర్థమైంది. లెక్క సమానమై ఆఖరి రౌండ్ మిగిలింది. కాపలా మాది. రెండు వరసల కంప్యూటర్ల మధ్య పెట్టిన అట్టగోడ అవతల నుంచి వాళ్లలో ఒకడు అనడం నా చెవిన పడింది: "ఆ చప్పుడు దిక్కు పోవద్దురా, అది ఎర."

చప్పుడంటే వాళ్లకు బెదురు పుట్టింది! ఇక ఇది మా అడవే. వాళ్లకు అర్థం కాకుండా కోయ మాటలో మావాళ్లకు చెప్పాను: గేటు దగ్గర బావ ఒక్కడే, తక్కిన నలుగురం సందులోకి.

బావ గేటు దగ్గర కాలుస్తున్నాడు. ఐదుగురికి ఐదుగురూ ఆయనకు దూరంగా తిరిగి, ఒకరి వెనక ఒకరు సందులోకి వచ్చారు. మా తాతలు చూస్తే మురిసిపోయేవారు. అంతా అయిపోయాక కూడా బావ కాలుస్తూనే ఉన్నాడు.

"ఎవలూ వస్తలేరేందిరా?"

"అయిపోయింది బావా, గెలిచినం!"

ఆయన మీటల మీద నుంచి చేతులు తీసి తెరకేసి చూశాడు. "గట్లనా! మరి నేను బతికే ఉన్ననా?"

మేం అరుస్తుంటే క్వార్టర్ల పిల్లలు లేచి చెప్పులు వేసుకుంటున్నారు. బావ వాళ్లను ఆపాడు. "ఏడికి పోతరు తమ్ముడూ? కూసోండ్రి, కలిసి ఆడుదం. వచ్చే ఆదివారం గూడ రండ్రి."

నాకు తిక్క రేగింది. "ఏంది బావా? గెలిచింది మనం!"

"అవ్, గెలిచినం. వేటకాడ కనబడ్డోళ్లకు వాటా పెట్టకుండ మనం ఎన్నడన్న తిన్నమా బామ్మర్ది?"

ఆయన కోసం గెలిచిన పూటను ఆయనే పంచి పెట్టేశాడు. అంతటితో ఆగాడా? జట్లు కలుపుదామని తానే లేచి వాళ్ల వైపు పోయి కూర్చున్నాడు. వాళ్లలో ఒక కుర్రాడు నా పక్కకు వచ్చాడు.

రౌండ్ మొదలైంది. గేటు లోపలి నుంచి తుపాకీ చప్పుడు, ఆకాశంలోకి, ఆగకుండా. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని విన్న చప్పుడు, మొదటిసారి ఎదుటి నుంచి వింటున్నాను.

పక్క కుర్రాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, గటు పోకు. అది ఎర."

నాకు తెలియదా? ఆ ఎర పెట్టడం మొదలుపెట్టిందే నేను. అయినా బావ సున్నా ఈసారన్నా చెరగనీ అనుకుని, షిఫ్ట్ మీట మీద నుంచి వేలు తీసేసి, అడుగులు దబదబమనేలా గేటు వైపే పరుగెత్తాను.